మీరు ఎలా ఉన్నారు, నాన్నగారూ?

నాకు మనుషులతో మాట్లాడటం నేర్పించాలని ఆసుపత్రివాళ్లు నిర్ణయించారు. ఛత్తీస్‌గఢ్‌లో ఇనుప గనుల ఊరు మా కిరండూల్‌లో మిగతా అందరికీ అది పుట్టుకతోనే వచ్చేసిందట, నాకే రాలేదట. పక్కన ఎవరూ లేకపోయినా నాకు చెవిలో గొంతులు వినిపించే జబ్బు ఉంది. మందులు వాడాక గొంతులు తగ్గాయి. పలకరించే మనుషులు కూడా తగ్గారు.

రాయపూర్ నుంచి వచ్చిన మేడమ్ నాలాంటి రోగులందరికీ హిందీలో పాఠం చెప్పేది. మొదటి రోజు తలా ఒక ఎండుద్రాక్ష ఇచ్చి, నాలుక మీద పెట్టుకుని, నమలకుండా దాన్నే గమనించమంది. నా పక్కనున్న, హల్బీ భాష మాట్లాడే పెద్దాయన గుటుక్కున మింగేసి ఇంకోటి అడిగాడు. తర్వాత ఇద్దరిద్దరం ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకటి అడిగి, మన ఊపిరి గమనించుకుంటూ, అవతలివాళ్లు జవాబు చెప్పేదాకా ఆగాలి. ఆ లోపల ‘వీడు నన్ను తిట్టుకుంటున్నాడు’ అని మనసులో కథలు అల్లకూడదు. ఈ చివరిది మాత్రం నాకు నిజంగా పనికొచ్చింది, ఒప్పుకోవాలి.

ఇంట్లో ఒకరిని మర్యాదగా పలకరించి రమ్మని హోంవర్కు ఇచ్చింది. నేను నాన్నను ఎంచుకున్నాను. రైల్వేలో పనిచేసే మా నాన్న, నేను జబ్బుపడ్డప్పటి నుంచీ నాతో నేరుగా మాట్లాడలేదు. నేను ఎదురుగా ఉండగానే ‘వాడు తిన్నాడా’ అని అమ్మను అడిగేవాడు. ఆయనకంటే నా చెవిలో గొంతులే నయం, తిట్టినా నన్నే తిట్టేవి. ఆయన ఒక్కసారి నన్ను ‘నువ్వు’ అంటే చాలనుకున్నాను.

నాన్న డ్యూటీ దిగి వచ్చి ఎర్రధూళి పట్టిన బూట్లు విప్పుకుంటున్నాడు. ఆయన ముందు నిలబడి, ముఖంలోకి చూస్తూ, పాఠంలో చెప్పినట్టే అడిగాను.

“మీరు ఎలా ఉన్నారు, నాన్నగారూ?”

విజయనగరం వైపు నుంచి వచ్చిన మా ఇళ్లలో తండ్రిని అలా అడిగినవాడు ఇంతవరకూ పుట్టలేదు. నాన్న చేతిలో బూటు అలాగే ఉండిపోయింది. వంటింటివైపు తిరిగి, “ఈడు మందులేసుకున్నాడేటి?” అన్నాడు. అమ్మ పరిగెత్తుకొచ్చి నా నుదురు పట్టుకుని చూసింది. నేను మర్యాద నేర్చుకుంటే, జబ్బు ముదిరిందని భయపడ్డారు. నాకు ఏడుపొచ్చింది.

మేడమ్‌కు చెబితే, మీ ఇంట్లో ఎలా మాట్లాడుకుంటారో అలాగే అడగమంది. ఆ ముక్కేదో ఎండుద్రాక్షకంటే ముందే చెప్పి ఉండాల్సింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక అమ్మ చర్చిలోనే ఆడవాళ్లతో ఉండిపోయింది. నాన్నకు అన్నం, ఎండుచేపల పులుసు నేనే వడ్డించి పక్కన కూర్చున్నాను.

“ఉప్పు సరిపోయిందేటి నానా?”

ఆయన అలవాటుగా వంటింటివైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. నేను ఊపిరి గమనించుకుంటూ ఆగాను.

“ఎక్కువైపోనాది,” అన్నాడు కంచంలోకి చూస్తూనే. ఇంకో ముద్ద కలుపుతూ, విసుగ్గా, “నువ్వు రుచి సూడ్లేదేటి?” అన్నాడు.

నేనూ కంచం పెట్టుకుని తిన్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది. అయినా ఎక్కువైందనే ఒప్పుకున్నాను. ఆయన నాతో మాట్లాడుతున్నాడు కదా, మధ్యలో నిజం ఎందుకు?