పీచు పొయ్యిలోకే అన్న రోజు

మొన్న ఆదివారం గుడి నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్నానో లేదో, చేతిలో ట్యాబ్ పట్టుకున్న ఒక అమ్మాయి గేటు అవతల నిలబడి, ఈ ఊళ్ళో ఇంటి దగ్గరే చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్ళు ఉన్నారా అని అడిగింది. లేచి వెళ్ళానే గాని గడియ తీయలేదు. ఎవరు పంపారు, ఎందుకు పంపారు అన్న ప్రశ్నలే ముందు మనసులోకి వచ్చాయి. ఇన్నేళ్ళయినా ఆ బుద్ధి నన్ను వదల్లేదు.

అప్పట్లో ఉప్పలగుప్తంలో గుమాస్తాగా పనిచేసేవాణ్ణి, కాగితాలు తెలిసినవాణ్ణని మా పేట నా మాట వినేది. అన్నయ్య పోయాక వదిన కొబ్బరి పీచు తాళ్ళు పేనుతూ పిల్లల్ని చదివించింది. చేత్తో రాట్నం తిప్పీ తిప్పీ ఆమె కుడి భుజం పైకి లేచేది కాదు. అలాంటి రోజుల్లో హైదరాబాదు నుంచి, ప్రభుత్వ విధానాల మీద పీజీ చేస్తున్న ఒక అమ్మాయి వచ్చింది. చిన్న వ్యాపారాలు నిలబడితే పేదరికం తగ్గుతుందనీ, ఏ ఊళ్ళో ఏ పని ఉందో రాసుకెళ్తే అక్కడ షెడ్డూ కరెంటు రాట్నాలూ ఇమ్మని పైవాళ్ళని అడగవచ్చనీ చెప్పింది. నేను నమ్మలేదు. రొయ్యల చెరువులకి పొలాలు అడగడానికి వచ్చినవాళ్ళు కూడా అంత మెత్తగానే మాట్లాడారు. సంపాదన ఉందని రాసుకుపోతే తెల్లకార్డులు తీసేస్తారని పేటంతా తిరిగి చెప్పి, రాట్నాలు లోపల పెట్టించాను.

"ఏమయ్యా, తాడు పేనుకోడం కూడా దొంగసారా కింద లెక్కేనా, దాచుకోడానికి?" అంది వదిన.

"నీకు తెలీదొదినా. కార్డు పోతే బియ్యం ఆ అమ్మాయి పంపుద్దా?" అన్నాను.

వాకిట్లో ఆరబోసిన పీచు చూసి ఆ అమ్మాయి ఇదెందుకమ్మా అని అడిగితే, వదిన ఒకసారి నా వంక చూసి, "పొయ్యిలోకండీ" అంది. కాయలు కాసిన ఆ అరచేతుల్ని ఆ అమ్మాయి కాసేపు చూసింది. మేమిచ్చిన బొండం తాగి, వెళ్ళబోతూ మళ్ళీ నన్నే అడిగింది. ఇక్కడ వ్యాపారాలేవీ లేవమ్మా అన్నాను.

అన్నీ విప్పి చెప్పిన కాలవ అవతలి ఊరికి షెడ్డు వచ్చింది. అక్కడ ఎవరి కార్డూ పోలేదు. కరెంటు మీద పేనిన తాడు చవగ్గా దొరికాక చేతి తాడు అడిగేవాళ్ళు లేకపోయారు. వదిన రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి కుదిరింది. ఐసులో చేతులు పెట్టీ పెట్టీ ఆ కాయలు మెత్తబడి ఊడిపోయాయి.  

మొన్న ఎలాగో గడియ తీసి, ఈ అమ్మాయిని నేనే వదిన ఇంటికి తీసుకెళ్ళాను. ఉన్నదంతా చెప్పొదినా అన్నాను. వదిన నవ్వి, "ఏం చెప్పమంటావయ్యా?" అని అమ్మాయి వైపు తిరిగి, "మాకు వ్యాపారం ఏమీ లేదండీ" అంది. కోళ్ళగూటికి అడ్డంగా పెట్టిన పాత రాట్నం చక్రం ఆమె వెనకే కనబడుతోంది. అమ్మాయి ఆ మాటే రాసుకుంది.

గుమ్మంలోకి వచ్చిన కొత్త మనిషిని అనుమానించడమే తెలివని మన తరం అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. ఆ రోజు వ్యాపారాలేవీ లేవని నేను చెప్పిన అబద్ధం, ఇప్పుడు ఆమె నోట నిజమైంది.