బొమ్మలో టైమెంత?

కోదండరామ్ గారికి ఒకే ఒక్క పిచ్చి. ఎక్కడ ఏ బొమ్మ కనిపించినా అందులో టైమెంతయిందో తేల్చనిదే అక్కణ్ణుంచి కదలరు. చెట్టయితే నీడ పొడవు చూస్తారు. ఏరయితే నీళ్ళ మీద మెరుపు చూస్తారు. మంచయితే తెలుపులో నీలమెంత కలిసిందో చూస్తారు. చూసి, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు పైకి తోసుకుని, "అక్టోబరు. పదకొండూ పది" అని తీర్పు చెబుతారు. ఆయన చేతికి మాత్రం వాచీ ఉండదు. భోజనాల వేళయిందని బేబీ గారు కేకేస్తేనే ఆయనకి తెలిసేది.

బేబీ గారంటే ఆయన భార్య. అరవై ఎనిమిదేళ్ళు.

ఆయన కెనడాలోని విండ్సర్‌లో ఒక కారు ప్లాంటు పెయింట్ షాపులో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశారు. తలుపు రంగూ బానెట్ రంగూ కలిశాయో లేదో లైటు కింద నిలబడి చూడటమే ఉద్యోగం. ఉద్యోగం నుంచి ఆయన రిటైరయ్యారు గానీ కళ్ళు కాలేదు. ఒకసారి జానకమ్మ గారింటికి భోజనానికి వెళ్తే, ఆవిడ కొడుకు పెళ్ళి ఆల్బమ్ తెచ్చి ఒళ్ళో పెట్టారు. తోటలో పందిరి వేసి చేసిన పెళ్ళి. తాళి కడుతున్న ఫోటో దగ్గర ఈయన ఆగిపోయారు.

"ముహూర్తం ఎన్నింటికండీ?"

"పదీ నలభై రెండుకి అన్నయ్య గారూ. బ్రహ్మాండమైన ముహూర్తం."

"పందిరి గుంజ నీడ చూడండి. పదకొండున్నరకి ఒక్క నిమిషం తక్కువ కాదు."

ఆ రాత్రే జానకమ్మ గారు పురోహితుడికీ వియ్యపురాలికీ ఫోన్లు చేశారు. తర్వాత మూడు నెలలు రెండు కుటుంబాలకీ మాటల్లేవు. "మనకెందుకండీ వాళ్ళ ముహూర్తం?" అని బేబీ గారు కారులో మొత్తుకుంటే, "నేనేమన్నానే? నీడ చెప్పింది, నేను విన్నాను" అన్నారాయన.

ఇంట్లో బొమ్మల క్యాలెండర్లన్నీ గోడవైపు తిప్పేసి, బేబీ గారే ఆయన్ని నది ఒడ్డునున్న గ్యాలరీకి తోలారు. అందులో ఉన్నవన్నీ అమెరికా పల్లెపట్టుల బొమ్మలు. నూరేళ్ళ కిందట వేసినవి కొన్ని, ఇప్పుడు బతికున్న చిత్రకారులు వేసినవి కొన్ని. దగ్గరకెళ్తే ఒట్టి రంగు మరకలు. పది అడుగులు వెనక్కొస్తే ఎండ కాస్తుంది, మంచు కరుగుతుంది, గడ్డి ఊగుతుంది. గ్యాలరీ యజమానురాలు హెలెన్ ఆయన్ని జీతం లేని గైడుగా పెట్టుకుంది. ఆయన గైడుగా చేసేదల్లా ఒకటే. బొమ్మ ముందు మనిషిని నిలబెట్టి టైమెంతని అడగటం.

దేవిశ్రీకి ఆయన పరిచయమైందీ అలాగే. ఊరంతా మన విద్యార్థులతో నిండిపోయిన శీతాకాలమది. ఒక్కో బేస్‌మెంటులో ఆరుగురు, ఏడుగురు. ఖమ్మం నుంచి వచ్చిన దేవిశ్రీకి వారాంతాల్లో గ్యాలరీ ఫ్రంట్ డెస్క్ పని దొరికింది. మొదటి రోజు వేర్‌హౌస్ షిఫ్ట్ ముగించుకుని, అట్నుంచటే బస్సెక్కి, గంట ముందే వచ్చేసింది.

"ఏ ఊరమ్మాయ్?"

"ఖమ్మం అంకుల్."

"మంచిది. ఇందులో టైమెంత?"

హాల్లోకల్లా పెద్ద బొమ్మ అది. ఉప్పునీటి మడుగు, ఎండిన గడ్డి, దూరంగా ఒక పడవ.

"సాయంత్రం నాలుగా అంకుల్?"

"తప్పు."

"మూడున్నర?"

"ఇంకా తప్పు. వెళ్ళి ఆ బెంచీ మీద కూర్చో. నీడ కదిలేదాకా చూడు."

"బొమ్మలో నీడ కదలదు కదా అంకుల్."

"కదిలేదాకా కూర్చో."

కూర్చుంది. మెత్తటి బెంచీ. కిందనుంచి హీటర్ వెచ్చగా ఊదుతోంది. నీడ కదిలిందో లేదో తెలియదు గానీ, కళ్ళు తెరిచేసరికి నలభై నిమిషాలు గడిచాయి.

తర్వాత వంతు దీక్షిత్‌ది. వరంగల్ కుర్రాడు, సైకిల్ మీద తిండి డెలివరీ చేస్తాడు. చలికి తట్టుకోలేక లోపలికొచ్చాడు.

"పొద్దుగాల తొమ్మిది అంకుల్."

"తప్పు."

"గట్లయితే సాయంత్రం నాలుగు."

"తప్పు. కూర్చో."

"ఏంది అంకుల్, ఏం జెప్పినా తప్పేనా? ఎంసెట్ కన్నా ఘోరమున్నది గదా మీ పరీక్ష!"

గొణుక్కుంటూనే కూర్చున్నాడు. రెండు నిమిషాల్లో తల వాలిపోయింది. బెంచీలు బొమ్మలు చూసేవాళ్ళకే, నిద్రకి కాదన్నది హెలెన్ పెట్టిన రూలు. ఆవిడ గబగబా వచ్చింది.

"రామ్, ఆ అబ్బాయి నిద్రపోతున్నాడు."

"లేదు హెలెన్. కళ్ళు మూసుకుని రంగులు గుర్తుచేసుకుంటున్నాడు. మా దేశంలో చదువు ఇలాగే."

"గురక కూడా చదువేనా?"

"అది బాగా గుర్తొచ్చినప్పుడు."

ఫిబ్రవరిలో గొడవ వచ్చింది. ఆ మడుగు బొమ్మ వేసినావిడ స్నేహితురాలట, ఒకామె గ్యాలరీకి వచ్చి ఈయన పరీక్షలు విన్నది. 'మీ గైడ్ పిల్లలకి తప్పులు చెబుతున్నాడు' అని హెలెన్‌కి ఉత్తరం రాసింది. హెలెన్ ఆ కాగితం దేవిశ్రీ ముందు పెట్టింది.

"బతికున్న చిత్రకారులు బొమ్మ వెనక తేదీ, టైము రాస్తారు. ఆయన చెప్పేవీ అవీ సరిపోయాయో లేదో చూసి నాకు చెప్పు. తప్పులుంటే ఆయన ఇక రానక్కర్లేదు. నాకు ఆయనంటే ఇష్టమే. కానీ ఇది గ్యాలరీ."

దేవిశ్రీ ఆలోచనంతా ఆయన గురించే. ఈ బొమ్మలు లేకపోతే ఆయనేమైపోతారు? తిప్పేసిన క్యాలెండర్ల మధ్య కూర్చుని ఏం చూస్తారు?

ఆ శనివారమంతా ఆయన వెనకే తిరిగి, సందర్శకులకి చెప్పినవన్నీ రాసుకుంది. మర్నాడు దీక్షిత్‌ని సాయం పిలిచి, ఒక్కో బొమ్మా గోడ నుంచి దించి వెనక చూసింది. పదకొండు బొమ్మల్లో పదకొండూ సరిపోయాయి. ఎక్కువలో ఎక్కువ పావుగంట తేడా.

పన్నెండోది, ఆఖరిది మడుగు బొమ్మ. వెనక పెన్సిల్‌తో రాసుంది. అక్టోబరు, సాయంత్రం నాలుగు.

"నేన్జెప్పింది గదే గదా!" అని దీక్షిత్ అరిచాడు. "నన్నెందుకు కూసోబెట్టిండు మరి?"

దేవిశ్రీ తన కాగితం చూసుకుంది. నిన్న టొరంటో కుటుంబానికి ఇదే బొమ్మ దగ్గర ఆయన "నాలుగు" అనే చెప్పారు. ఇద్దరు ముసలి దంపతులకీ "నాలుగే". తప్పయింది ఎవరికి? తనకి, దీక్షిత్‌కి, కళ్ళ కింద నల్లచారలతో లోపలికొచ్చిన ప్రతి తెలుగు పిల్లకీ, పిల్లాడికీ.

ఆయన మంచు బొమ్మ ముందున్నారు. నేరుగా వెళ్ళి అడిగేసింది.

"అంకుల్, మడుగు బొమ్మలో టైము నాలుగే. మీకు తెలుసు. మాకెందుకు తప్పని చెప్పారు?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోవటం మొదలుపెట్టారు. ఎంతకీ తుడవటం పూర్తికాలేదు.

"నువ్వొచ్చిన మొదటి రోజు ఎన్ని గంటలు పడుకుని వచ్చావు?"

"పడుకోలేదు."

"పడుకోమంటే పడుకునేదానివా?"

"...లేదంకుల్."

"ఆఁ. అయ్యో పాపం, కాసేపు నడుం వాల్చమ్మా అంటే, పర్లేదంకుల్ ఐయామ్ ఫైన్ అంటారు మీరంతా. అదే తప్పని చెప్పామనుకో, మారు మాట్లాడకుండా కూర్చుంటారు. చిన్నప్పట్నుంచీ కోచింగుల్లో అలా తయారుచేశారు మిమ్మల్ని. నాకు కలిసొచ్చింది." కళ్ళజోడు పెట్టుకున్నారు. "అయినా ఆ బొమ్మని నేనే ఎంచుకున్నాను. హీటర్ దాని ముందే ఉంది."

దేవిశ్రీ హెలెన్ గదిలోకి వెళ్ళి ఏదీ దాచకుండా చెప్పింది. పదకొండు సరైనవి, ఒక్కటి తప్పు, ఆ తప్పు కావాలని చెప్పిందే. ఎందుకో కూడా చెప్పింది.

"మా గైడ్ అబద్ధం చెప్పటానికి వీల్లేదు" అంది హెలెన్.

హెలెన్ లేచి, సొరుగులోంచి బ్రౌన్ పేపరూ జిగురూ తీసింది. మడుగు బొమ్మ వెనక ఉన్న పెన్సిల్ రాత మీద కాగితం అంటించేసింది. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని ఒక చిన్న అట్ట ప్రింట్ తీసి, బొమ్మ పక్కన గోడకి తగిలించింది. 'ఈ చిత్రంలోని సమయం ఇంకా తేలలేదు. దయచేసి కూర్చుని చూడండి.'

మరుసటి శనివారం కోదండరామ్ గారు ఆ అట్ట చదివారు. రెండోసారి చదివారు. ముఖం ఎర్రబడింది.

"తేలకపోవటమేమిటి? ఎవడికి తేలలేదు? పడవ నీడ అంత స్పష్టంగా కనపడుతుంటే! నాలుగు! కళ్ళున్నవాడెవడికైనా నాలుగు!"

"అంకుల్, మెల్లగా. వినబడుతుంది."

"వినబడనీ! ముప్పై ఒక్క ఏళ్ళు పెయింట్ షాపులో చేసినవాణ్ణి..."

అప్పుడే తలుపు తోసుకుని ఒక అమ్మాయి వచ్చింది. కోటు కింద సూపర్‌మార్కెట్ యూనిఫాం, పీక్కుపోయిన కళ్ళు. "నమస్తే అంకుల్, ఇక్కడ కాసేపు ఉండొచ్చా?" అంది.

"ఉండొచ్చమ్మా. ముందు ఇది చెప్పు. ఇందులో టైమెంత?"

ఆ అమ్మాయి బొమ్మకేసి చూసి, ఆవులింత ఆపుకుంది. "నాలుగనుకుంటా అంకుల్."

కోదండరామ్ గారి పెదవులు కదిలాయి. ఆ అమ్మాయిని చూశారు, గోడ మీది అట్టని చూశారు. గొంతుదాకా వచ్చిన నాలుగుని మాత్ర మింగినట్టు కష్టపడి మింగారు.

"ఇంకా తేలలేదటమ్మా" అన్నారు. "కూర్చుని చూడు."