చింతపండుతో తోమిన తూటాలు

మా ఆయన జోజయ్యకి తెలియని విషయం ఈ భూమ్మీద లేదు. ఒకవేళ ఉన్నా, ఆ సంగతి ఆయనకి తెలియదు. పెళ్ళయిన కొత్తలో ఇది నాకు ముచ్చటగానే ఉండేది. ఆస్ట్రేలియాలో ఈ టూవూంబా వచ్చి ఇల్లు కొనుక్కున్నాక, 1990 చలికాలం నాటికి మాత్రం ఒళ్ళు మండేది.

ఇద్దరికీ ఇక్కడి ఆసుపత్రిలోనే పని. నేను నర్సుని, ఆయన బాయిలర్లు చూసే ఫిట్టరు. ఆదివారం చర్చి, శనివారం రైఫిల్ క్లబ్బు. మనవాళ్ళెవరైనా ఇంటికొచ్చి, “తుపాకీ ఏంటి అన్నయ్యా?” అని నోరెళ్ళబెడితే, “వేటకి కాదమ్మా, గురికి” అనేవారు. వంద మీటర్ల అవతల పెట్టిన కాగితం మీద ఐదు తూటాలు పేలిస్తే ఐదూ ఒకే కన్నంలోంచి పోవాలట. ఆ కన్నం చూసి మురిసిపోయే ఓపిక నాకు లేదు గానీ, దాన్ని పట్టుకొచ్చి చూపించేటప్పుడు ఆయన ముఖం చూసి సరిపెట్టుకునేదాన్ని.

క్లబ్బు కెప్టెన్ మెర్విన్, రైళ్ళు నడిపి రిటైరైన పెద్దాయన. చేరిన రోజున “మీదే ఊరు?” అని అడిగిన పాపానికి మా ఆయన సొంత డబ్బా మొదలుపెట్టారు. మాది అజ్జరం, అక్కడ ఇంటింటా ఇత్తడి పనే, మా నాన్న బిందెలు పోతపోసేవాడు, నేను పాకే వయసు నుంచి ఇత్తడితోనే ఆడుకున్నాను అని. ఆ రోజు నుంచి ఆయన పేరు ‘బ్రాస్ జో’. తుపాకీ తూటాకి ఒళ్ళు ఇత్తడే కాబట్టి ఆ పేరు క్లబ్బులో బిరుదుతో సమానం. అక్కడ ఎవరైనా అలా పిలిస్తే ఆయన ఇంటికొచ్చి పడుకునేదాకా అదే చెప్పేవారు.

ఆ ఏడాది బ్రిస్బేన్‌లో జరిగే పోటీకి వెళ్ళే జట్టులో ఒక ఖాళీ వచ్చింది. మా ఆయనకీ ట్రెవర్ అనే అతనికీ శనివారం పోటీ పెట్టి, గెలిచినవాణ్ణి తీసుకుంటానన్నాడు మెర్విన్. క్లబ్బులో మనవాడు ఈయనొక్కడే. జట్టు ఫోటోలో నిలబడాలని ఆయనకి ఎంత కోరికో నాకు తెలుసు. ఫోటో పెట్టే చోటు కూడా హాల్లో ముందే చూసుకున్నారు.

తూటా కేసు అంటే ఇత్తడి గొట్టం. అందులో మందు పోసి, మూతికి గుండు బిగించి, అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు పెడతారు. పేల్చాక గొట్టం మిగులుతుంది, మళ్ళీ నింపుకోవచ్చు. ఆయన పాతవాటిని నింపీ నింపీ, మూతి దగ్గర మెడలు చీలిపోయాయి. అందుకని కొత్తవి తెప్పించారు. పోటీ ఉన్న వారం, సోమవారం పెట్టె వచ్చింది.

కొత్తవంటే విప్పి నింపుకోవడమే అనుకున్నాను. కాదట. దార్లో దెబ్బలు తిని సగం వాటి మూతులు నొక్కుకుపోయాయి. ఒక్కొక్కదానికీ నూనె రాసి ప్రెస్సులో పెట్టి నొక్కి గుండ్రంగా చెయ్యాలి. పొడవు కొలిచి, అన్నిట్లోకీ పొట్టిదానికి సమానంగా మిగతావి కొయ్యాలి. కోసిన అంచుని లోపలా బయటా గీకాలి. అడుగున నిప్పు వెళ్ళే కన్నం దగ్గర మొనలేమైనా ఉంటే, చెవిలో గులిమి తీసినట్టు తొలిచి తియ్యాలి. ఇదంతా ఎక్కడ? నా వంటింటి బల్ల మీద.

“ఏంటండీ ఈ ఫ్యాక్టరీ? పిల్ల ఎక్కడ కూర్చుని తినాలి?” అన్నాను.

“గరాజ్‌లో చలికి వేళ్ళు వంగట్లేదు సుగుణా. శాటర్‌డే దాకా ఓర్చుకో. ఒక్కటీ ఇంకోదానితో మ్యాచ్ అవట్లేదు. తయారుచేసినోడికి బుద్ధుందా అసలు?”

“మమ్, ఇట్స్ ఇన్ మై సీరియల్” అంది జెన్సీ, పాలూ కార్న్‌ఫ్లేక్సూ ఉన్న గిన్నెలోంచి ఇత్తడి రజను తీస్తూ. మా పదమూడేళ్ళ పిల్లకి తెలుగంతా అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం రాదు.

మంగళవారం ఒక కేసు ప్రెస్సులో ఇరుక్కుపోయింది. నూనె తక్కువైందట. దాన్ని ఊడదియ్యడానికి సాయంత్రమంతా పట్టింది. బైబిలు చదివే నోటితో ఆయనేమన్నారో ఇక్కడ రాయను. బుధవారానికి మా ఇంట్లో ఎవరితో ఎవరికీ మాటల్లేవు.

గురువారం సాయంత్రం పని ముగిసింది. నూనె తుడిచి, దీపం కింద వరసగా నిలబెట్టి చూసుకుంటుంటే, ప్రతి కేసు మెడ చుట్టూ నీలమూ గోధుమరంగూ కలిసిన మసక కనిపించింది.

“చూశావా? కొత్త సరుకని చెప్పి మరకలున్నవి అంటగట్టాడు!”

“మెర్విన్‌కి ఒక్క ఫోన్ చేసి అడగండి.”

“ఇత్తడి గురించి నేను మెర్విన్‌ని అడగాలా? మా ఇంట్లో కొత్త బిందె కొంటే, చింతపండూ ఉప్పూ పెట్టి తోమకుండా మా అమ్మ నీళ్ళు పట్టేదా?”

బ్రిస్బేన్ దాకా కారేసుకెళ్ళి తెచ్చుకున్న చింతపండు అది. ఆరునెలలకి సరిపడా ముద్ద. నేను వద్దంటుండగానే మొత్తం పిసికి, గుప్పెడు ఉప్పేసి, కేసులన్నీ అందులో ముంచేశారు. అప్పుడే ఆసుపత్రి నుంచి ఫోను, బాయిలరు ఆగిపోయిందని. “సుగుణా, వాటిని ముట్టుకోకు. నేనొచ్చి కడుగుతా” అని వెళ్ళిన మనిషి మర్నాడు మధ్యాహ్నానికి వచ్చారు. అప్పటికి నేను డ్యూటీలో ఉన్నాను.

ఇంటికొచ్చేసరికి కేసులు కడిగి ఆరబెట్టి ఉన్నాయి. మెడ మీద మసక పోయింది గానీ, ఒళ్ళంతా ఎర్రబారాయి. “మా అమ్మ తోమినా ఇలాగే ఎర్రగా వచ్చేవి” అని సంబరపడ్డారు. ఆ రోజే మందు పోసి గుండ్లు బిగించేశారు.

శనివారం నేనూ జెన్సీ కూడా వెళ్ళాం. పోటీకి ముందు గురి సరిచూసుకోవడానికి రెండు తూటాలు పేల్చుకోనిస్తారు. ఆయన ఒకటి పేల్చి, కేసు బయటికి తీసి చూసి, జేబులో వేసుకున్నారు. రెండోది పేల్చి దాన్నీ జేబులో వేసుకున్నారు. పక్క బల్ల దగ్గర ట్రెవర్ తన తూటాలు సర్దుకుంటున్నాడు. మా ఆయన అతని వంక చూసి, తుపాకీ ఖాళీ చేసి, లేచి మెర్విన్ దగ్గరికి వెళ్ళారు. కడుపులో బాగాలేదు, నేను పేల్చలేను అన్నారు. వెనకనెవరో “బ్రాస్ జోకి చేతులు వణికాయి” అన్నారు. నవ్వులు వినిపించాయి.

కార్లో కూర్చున్నాక జేబులోంచి తీసి నా చేతిలో పెట్టారు. రెండు కేసుల మెడలూ నిలువునా చీలి ఉన్నాయి.

“పులుపు తినేసింది. ఇవాళ మెడ చీలింది, మూడోది అడుగుతో సహా పగిలి పక్కవాడి మొహమ్మీదికి వస్తే?”

“ఆ ముక్క వాళ్ళతో చెప్పొచ్చు కదండీ!”

“ఏమని చెప్పను? బ్రాస్ జో ఇత్తడిని చింతపండు పెట్టి పాడుచేశాడనా? పిరికోడనుకోనీ. పర్లేదు.”

నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. వారమంతా ఇంట్లో అందరి ప్రాణాలూ తోడేసి, చివరికి పిరికివాడనిపించుకుని వస్తారా? దారి పొడుగునా తిడుతూనే ఉన్నాను. ఆయన కారు నడుపుతూనే ఉన్నారు.

ఆ మధ్యాహ్నం మెర్విన్ మా ఇంటికి వచ్చాడు. “ఇప్పుడు కడుపు ఎలా ఉంది జో?” అని అడిగాడు. ఆయన తగ్గిందన్నారు. ఇక నావల్ల కాలేదు. చీలిన కేసులు తెచ్చి బల్ల మీద పెట్టి, చింతపండు కథంతా చెప్పేశాను. మా ఆయన కిటికీ వైపు తిరిగిపోయారు.

మెర్విన్ నవ్వలేదు. కేసుని వెలుతురుకి పట్టి తిప్పి తిప్పి చూశాడు.

“ఆ నీలం మరక మురికి కాదు జో. మెడ చీలకుండా మెత్తబడాలని ఫ్యాక్టరీలో దాన్ని కాలుస్తారు. మరకుంటే సరుకు మంచిదని గుర్తు. రాత్రంతా పులుసులో ఉంటే ఏ ఇత్తడీ బతకదు” అన్నాడు. తర్వాత కేసుని బల్ల మీద పెట్టాడు. అక్కడితో ఆగి వెళ్ళిపోయినా బాగుండేది.

“కేసులో లోపం వస్తే ఇంకో శనివారం మళ్ళీ పోటీ పెట్టాలని మన క్లబ్బు రూలే ఉంది. నువ్వు ఒంట్లో బాగాలేదన్నావు. ట్రెవర్ పేరు బ్రిస్బేన్‌కి ఫోన్ చేసి చెప్పేసి, ఇటు వచ్చాను.”

ఆయన తిరగలేదు. మెర్విన్ టీ సగం తాగి, ఆయన భుజం తట్టి వెళ్ళిపోయాడు.

సాయంత్రం పప్పుచారుకి చింతపండు లేదు. రెండు టమాటాలు కోసి ఏదో కాచాను. చారులో పులుపు ఇసుమంత తగ్గితే కంచం ముందు పంచాయతీ పెట్టే మనిషి, తలొంచుకుని మొత్తం తిన్నారు.

“పులుపు సరిపోయింది సుగుణా” అన్నారు.

పొద్దుటి నుంచి తిడుతున్నదాన్ని, నాకు ఏడుపొచ్చేసింది.