జూనియర్లు, సీనియర్లు, సింహాచలం మావయ్య

నిన్న సాయంత్రం మా స్కూలు మైదానంలో ఆడపిల్లలు డ్రిల్లు పోటీకి రంగు కాగితాలతో కుచ్చులు కట్టుకున్నారు. చెమట తగిలి రంగు కరిగింది. ఓ పిల్ల వచ్చి అరచేతులు చూపించి, ఇది పోతుందా మేడం అని అడిగింది. రెండు చేతులూ గులాబీ రంగు. తడిసిన కాగితం నుంచి పిండి జిగురు, చవక రంగు కలిసిన వాసన వస్తోంది. స్నానం చేస్తే పోతుందిలే అని పంపించేశాను కానీ, ఆ వాసనకి నా మనసు భిలాయికి, క్యాంప్ వన్ అనే బస్తీలోని మా సందుకి వెళ్లిపోయింది. సింహాచలం మావయ్య గుర్తొచ్చాడు. నేను ఆటల టీచర్ని కావడానికి కారణం ఆయనే. ఆయన గురించి ఎక్కడా రాసి లేదు కాబట్టి నేనే రాయాలి.

ఆయన మాకు చుట్టం కాదు. మా నాన్నలాగే శ్రీకాకుళం వైపు నుంచి పనికోసం వచ్చినవాడు. ఊరి బయట ఒక ప్రైవేటు కార్ఖానాలో ఖలాసీ. అంటే పెద్ద పెద్ద యంత్రాల్ని గొలుసులు, దుంగలు, మనుషుల బలంతో ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చే పని. పొద్దుటి డ్యూటీ దిగి, టీ తాగి, మా సందు చివరి ఖాళీ జాగాలో ఆడపిల్లల్ని పోగేసి పిరమిడ్లు నేర్పేవాడు. ఏటా జనవరిలో టౌన్‌షిప్‌లో ఉత్సవ కమిటీ పోటీ పెట్టేది. చేతుల్లో కుచ్చులు ఊపుతూ, లయగా కేకలు వేస్తూ, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడాలి. టౌన్‌షిప్ సెక్టార్లలో ఉండే స్టీలు ప్లాంటు వాళ్ల పిల్లలకి తెల్లబూట్లు, బ్యాండు ఉండేవి. మాకు సింహాచలం మావయ్య ఉండేవాడు.

నేను లావుగా ఉండేదాన్ని. ఇంట్లో ముద్దుగానూ, స్కూల్లో ముద్దు లేకుండానూ నన్ను డ్రమ్ము అనేవారు. ఆయన దగ్గరికి వెళ్లిన మొదటిరోజు నేను గోడ దగ్గరే నిలబడ్డాను. ఆయన వచ్చి నా రెండు భుజాల మీదా చేతులు వేసి గట్టిగా నొక్కి చూశాడు. నేను కదలలేదు. తీసుకెళ్లి కింది వరసలో సరిగ్గా మధ్యలో నిలబెట్టాడు. ఆయన పద్ధతి ఒకటుంది, అది ఇంకెక్కడా చూడలేదు. మిగతా జట్లలో ఈల వేస్తే ఎక్కేవారు. మా జట్టులో కింది వరస మధ్యలో ఉన్న పిల్ల ‘ఎక్కు’ అంటేనే పైవాళ్లు ఎక్కాలి. ఖలాసీ పనిలో బరువు మోసేచోట నిలబడ్డవాడిదే మాట అట.

“నువ్వు ఎక్కు అంటేనే ఎవలైనా ఎక్కీది. నాను సెప్పినా ఎక్కరు,” అన్నాడు నాతో.

పదకొండేళ్ల పిల్లకి అంత అధికారం ఎవరిస్తారు చెప్పండి? మొదటివారమంతా నేను కావాలనే ఆలస్యం చేసి అందర్నీ నిలబెట్టాను. ఆయన నవ్వుకుంటూ ఊరుకునేవాడే తప్ప ఒక్కసారీ తొందరపెట్టలేదు. తర్వాత నాకే సిగ్గేసి మానేశాను.

రెండేళ్లు పోటీకి వెళ్లాం. పన్నెండుమందిమి. పదహారేళ్ల వాళ్లు, తొమ్మిదేళ్ల వాళ్లు అందరం ఒకే జట్టు. మూడో ఏడు కమిటీ రూలు మార్చింది. హిందీలో అచ్చేసిన నోటీసు ఆయన నా చేతికిచ్చి చదవమన్నాడు. ఆయనకి చదువు రాదని మా అందరికీ తెలుసు. ఇకమీదట జట్లు రెండు రకాలు. పద్నాలుగేళ్ల లోపు జూనియర్లు, ఆపైన సీనియర్లు. ఏ జట్టులోనైనా ఎనిమిదిమందికి తక్కువ ఉండకూడదు. వయసుకి స్కూలు సర్టిఫికెట్టే ఆధారం. కిందటేడు ఒక జట్టులో పెద్దపిల్లల భుజాల మీంచి చిన్నపిల్ల పడి చెయ్యి విరగ్గొట్టుకుంది, అందుకే ఈ మార్పు అని కూడా రాశారు. నేను తిట్టుకుంటూ చదివాను. ఆయన రెండోసారి చదివించుకుని, మంచి రూలేనన్నాడు. నాకు ఒళ్లు మండింది.

లెక్క చూస్తే మాలో పద్నాలుగు దాటినవాళ్లు నలుగురు. వాళ్లతో సీనియర్ జట్టు కాదు. మిగిలిన ఎనిమిదిమందిమీ జూనియర్లం. సరిగ్గా సరిపోయాం అనుకున్నాం. అప్పుడు బయటపడింది నా సంగతి. మా సందులో సగంమంది పిల్లలం జూలై ఒకటో తారీఖున పుట్టాం! అంటే బడిలో వేసేటప్పుడు నాన్నలు ఆ తారీఖు చెప్పేవారు, వయసు చాలకపోతే ఒక ఏడాది కలిపేవారు. పక్కింటి పిల్ల బడికి వెళ్తోందని నేను ఏడిస్తే, మా నాన్న నాకూ ఒక ఏడాది కలిపి చేర్పించేశాడు. నాకు నిజంగా పదమూడు. కాగితం మీద పద్నాలుగు దాటింది. నేను లేకపోతే ఏడుగురు. ఏడుగురితో జట్టే లేదు.

మావయ్య సెలవు పెట్టి, మా నాన్ననీ నా జాతకం కాగితాన్నీ వెంటబెట్టుకుని కమిటీ వాళ్ల దగ్గరికి వెళ్లాడు. జాతకాలు చెల్లవన్నారు. మా హెడ్‌మాస్టరు, రిజిస్టరులో ఒకసారి పడిన తారీఖు మార్చాలంటే కోర్టు కాగితం కావాలన్నాడు. పోటీకి ఇంక పదిరోజులుంది.

ఉపాయం నాదే. మా చెల్లి జ్యోతికి పదకొండేళ్లు, మా బడే; పిరమిడ్లంటే భయం, జట్టులోకి రానంటే రానంది. దాని సర్టిఫికెట్టు నాది అని ఇస్తే సరి. అప్పట్లో వాటి మీద ఫొటోలు ఉండేవి కావు. నాన్న కాసేపు గోడవైపు చూసి, పెట్టె తీసి ఇచ్చాడు. మావయ్యకి మాత్రం, బడివాళ్లు తారీఖు దిద్ది కొత్త కాగితం ఇచ్చారని చెప్పాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సంతోషంగా మిగతావాటితో కలిపి సంచిలో పెట్టుకున్నాడు. చదవలేని మనిషిని మోసం చెయ్యడం ఎంత తేలికో ఆరోజు తెలిసింది. అయినా ఆ పూట నాకు హాయిగానే ఉంది, అబద్ధం చెప్పను.

పోటీ రోజున మైదానంలో బల్ల వేసుకుని ఒక గుమాస్తా పేర్లు పిలుస్తున్నాడు. మా జట్టు వంతు వచ్చింది. ఐదో కాగితం తీసి జ్యోతి అన్నాడు. నేను ముందుకి అడుగేసి హాజిర్ అన్నాను. గుమాస్తా నా ఒళ్లు చూశాడు, కాగితం మీద పదకొండేళ్లు చూశాడు, ఏమనుకున్నాడో టిక్కు పెట్టబోయాడు. వెనక నుంచి మావయ్య గొంతు వినపడింది.

“బాబూజీ, యే జ్యోతి నహీ హై. ఇస్కా నామ్ పద్మా హై.”

నేను జ్యోతిని కాదు, పద్మనని చెప్పేశాడు. కోపంగా అనలేదు. ఎవరో పొరపాటుగా పిలిస్తే సరిచేసినట్టు అన్నాడు. గుమాస్తా మా కాగితాలన్నీ దొంతర పెట్టి వెనక్కిచ్చేశాడు. ఎనిమిదిమందిమి, కుచ్చులు ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూర్చుని, మిగతా జట్లు ఆడుతుంటే చూశాం. మా పైవరస పిల్ల, తొమ్మిదేళ్లది, మన వంతు ఎప్పుడు అని అడుగుతూనే ఉంది.

తిరిగొచ్చాక సందంతా ఆయన్నే అంది. పిల్లల నోటి దగ్గర కూడు లాగేశాడన్నారు. నేను అందరికంటే ఒక ఆకు ఎక్కువే చదివాను. ఆయన గుమ్మం ముందు నిలబడి, చదువు రానివాడికి సర్టిఫికెట్లతో పనేమిటి అన్నాను. ఆయన భార్య లోపలి నుంచి విని బయటికి వచ్చింది. ఆయన చెయ్యి అడ్డంపెట్టి ఆమెని లోపలికి పంపేశాడు. ఇప్పటికీ ఆ వాక్యం తలుచుకుంటే నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

నాలుగు రోజుల తర్వాత నేను ఖాళీ జాగాలో ఒక్కదాన్నే కూర్చుంటే ఆయన వచ్చి కాస్త దూరంలో కూర్చున్నాడు. చాలాసేపు బీడీ వెలిగించకుండా చేత్తో నలుపుతూ ఉన్నాడు.

“సింహాచలం నా పేరు కాదు తల్లీ,” అన్నాడు. “మా అన్నది. ఆడు ఎనిమిది సదివినాడు. జ్వరమొచ్చి పోనాడు. పనికి ఎనిమిది సదివినోడే కావాలన్నారు. ఆడి కాయితం పట్టుకొని నాను వచ్చీసినాను. ఇరవయ్యేళ్లైంది. ఎవలు పిలిసినా మా అన్ననే పిలిసినట్టుంటాది. పలుకుతాను.”

ఆయన చెబుతూ పోయాడు. మంచి ఖలాసీ అని మెచ్చుకున్నా అది అన్నకే వెళ్తుందట. ఎప్పుడైనా గొలుసు తెగి తన మీద పడితే చచ్చిపోయేదీ అన్నేనట, రెండోసారి.

“నువ్వు అంతమందిని మోసి నిలబడతావు. ఎక్కు అంటావు. ఆ మాట జ్యోతిదని రాసుకుంటారు. నాకు నచ్చలేదు,” అన్నాడు. “ఇది ఎవలికీ సెప్పకు. పని పోద్ది.”

ఒక పదమూడేళ్ల పిల్ల, అదీ నాలుగు రోజుల కిందట గుమ్మం ముందు నోరు పారేసుకున్న పిల్ల చేతిలో, ఆయన తన అన్నాన్ని పెట్టేశాడు. నేను క్షమించమని కూడా అడగలేకపోయాను. మీ పేరేమిటి మావయ్యా అని అడిగాను. ఆయన అటూ ఇటూ చూసి చెప్పాడు. చిన్న పేరు. మా వైపు ప్రతి ఊళ్లోనూ నలుగురికి ఉండే పేరు. పెద్దవాళ్లని పేరు పెట్టి పిలవకూడదని తెలుసు. అయినా ఆ పేరు పలికి, చివర మావయ్యా అని చేర్చాను. ఆయన వెంటనే పలకలేదు. కాసేపటికి “ఊఁ” అన్నాడు. కళ్లు తుడుచుకుని, బీడీ పారేసి లేచాడు.

మరుసటేడు ఆయన ఇంటింటికీ తిరిగి, తల్లుల్ని బతిమాలి, ఎనిమిదిమంది పెద్దపిల్లల్ని కూడగట్టాడు. సీనియర్ జట్టులో, నా పేరుతో, నా దొంగ వయసుతో ఆడాను. మూడోస్థానం వచ్చింది. కాగితం పుణ్యమా అని ఉద్యోగం నుంచి కూడా ఏడాది ముందే దిగిపోతాను. బడిలో చేర్చడానికి వచ్చిన తల్లిదండ్రులు ఒక ఏడాది అటూ ఇటూ రాయమంటే నేను పెట్టే పోట్లాట మా ఆఫీసులో అందరికీ తెలుసు. ఎందుకంత మొండితనం అంటే చెప్పను.

ఆయన పోయి మూడేళ్లు. భార్య అంతకుముందే పోయింది. పిల్లల్లేరు. నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. చుట్టాల కుర్రాడెవరో ఫొటోకి దండ వేసి, కింద సింహాచలం అని రాయించాడు. ఆ కుర్రాడికి తెలుసో తెలియదో, నేను అడగలేదు. దండం పెట్టుకుని వచ్చేశాను. ఇక్కడ కూడా ఆయన అసలు పేరు రాయను. అది ఆయన నాకు చెప్పిన పేరు, మీకు కాదు. కానీ మైదానం ఖాళీ అయ్యాక, చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు, ఆయన్ని ఆ పేరుతోనే పిలుస్తాను.