మందు దక్కని కుందేళ్ళు

చెంగ్దూలోని ఒక మందుల పరిశోధనశాలలో కుందేళ్ళకి జ్వరం చూసే లియావ్, చల్లగా తగులుతుందని థర్మామీటరును ముందు తన చంకలో వెచ్చబెడతాడు. ఆపైన వాజలీన్ రాసి, కుందేలు తోకెత్తి, "ఏమనుకోకమ్మా" అంటూ మొహం పక్కకు తిప్పుకుంటాడు. ఆ వారం జ్వరం తెప్పించిన కుందేళ్ళలో మొక్క వేళ్ళనుంచి తీసిన మందు పట్టించిన ఆరింటికీ జ్వరం దిగింది. ఉత్త నీళ్ళు పట్టించిన ఆరింటికీ దిగింది. ఆ మందును పరీక్షిస్తున్న డాక్టర్ షెన్ మూడు నెలల శ్రమ గంగలో కలిసింది.

"వీటికేం పెట్టావ్ బాబాయ్?"

"నా ఫ్లాస్కులోని చామంతి టీ, తలా గుక్కెడు. అన్నిటికీ ఒళ్ళు కాలుతుంటే సగంవాటికే మందిస్తారా డాక్టరమ్మా?"

ఆమె ఆ లెక్కల కాగితాలు చించి బుట్టలో పడేసింది. పొద్దుటినుంచీ ఆమెకీ జ్వరమే. ఎర్రబడ్డ ఆమె మొహం చూసి లియావ్ అలవాటుగా థర్మామీటరు చంకలో పెట్టుకున్నాడు.

"అది వద్దు బాబాయ్," అంది ఆమె కప్పు ముందుకు జరిపి. "టీ పొయ్యి."