తలుపులు వేసుకున్న ఆదివారాలు

2012లో నేను శంషాబాద్ విమానాశ్రయంలో సరుకుల విభాగంలో పనిచేసేవాణ్ణి. పొద్దంతా కంప్యూటర్ ముందు కూర్చుని టైపు చేయడమే. ఎవరితోనూ మాట్లాడే అవసరం ఉండదని ఏరికోరి చేరిన ఉద్యోగం అది. నాకు చిన్నప్పటి నుంచి నత్తి.

అక్కడి క్యాంటీన్‌లోనే డ్రైవరన్న కలిశాడు. ప్రయాణికుల్ని ఊళ్లోకి దింపే క్యాబ్ నడిపేవాడు. నలభై దాటిన మనిషి. చాయ్ అడగబోయి "చ... చ..." దగ్గర ఆగిపోయి, చివరికి వేలితో గ్లాసు చూపించాడు. నేను లేచి వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. మూడో మనిషి రాజేంద్రనగర్‌లో వ్యవసాయ డిగ్రీ చదివే అమ్మాయి. దవాఖానలో, మాటలు సరిచేసే డాక్టరమ్మ దగ్గర పరిచయమైంది.

డాక్టరమ్మ చెప్పిన సాధన ముగ్గురం కలిసి చేద్దామనుకున్నాం. అద్దం ముందు కూర్చోవాలి. కొవ్వొత్తి వెలిగించి, మంట ఆరకుండా సన్నగా ఊపిరి వదలాలి. తర్వాత ఒక్కో మాటనూ సాగదీసి, అందరూ ఒకే గొంతుతో చదవాలి. అప్పుడు నేను కొత్వాల్‌గూడ వైపు ఒక ఊళ్లో, ఒకాయన ఇంటి వాకిట్లో ఒంటి గది కిరాయికి తీసుకుని ఉన్నాను. ఆదివారం పది గంటలకు అక్కడే కలిసేవాళ్లం. తలుపులు, కిటికీలు మూసుకునేవాళ్లం.

"మా ఇంట్ల స... సంబంధాలు చూస్తున్నరన్నా. నేను గిట్ల నేర్సుకుంటున్ననని ఎవరికీ తెల్వొద్దు" అంది ఆ అమ్మాయి మొదటి రోజే.

ఒట్టు పెట్టుకుందామన్నది నేను. డిగ్రీలో నాది చరిత్ర. తెల్లవాళ్ల కాలంలో మూసిన గదుల్లో ప్రమాణాలు చేసి, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకుండా ప్రాణాలకు తెగించిన రహస్య సంఘాల కుర్రవాళ్లంటే నాకు పిచ్చి. పరీక్షలో వాళ్ల మీద ఎనిమిది పేజీలు రాశాను. నోటితో చెప్పమంటే ఎనిమిది మాటలు చెప్పలేకపోయేవాణ్ణి. కొవ్వొత్తి మీద చేతులు చాపి, ఇక్కడ జరిగేది బయట చెప్పబోమని ముగ్గురం ఒట్టేసుకున్నాం. ఆ కుర్రవాళ్ల సరసన చేరినట్టు లోలోపల గర్వపడ్డాను కూడా. బుద్ధి తక్కువతనం.

గొంతు ఎండిపోతుందని నిమ్మరసం కలుపుకునేవాళ్లం. పిండిన చెక్కలు గోడ పక్కన కుప్పలో వేసేవాణ్ణి. సరిగ్గా ఆ రోజుల్లోనే లోకం అంతమవుతుందని టీవీలు ఊదరగొడుతున్నాయి. ఒక ఛానెల్ రహస్య సంఘాల మీద కార్యక్రమం వేసింది. ముసుగులు, కొవ్వొత్తులు, అద్దాలు, ప్రపంచాన్ని చాటుగా నడిపించే మనుషులు. ఊరంతా చూశారు. ఆ వారమే ఇంటాయన బర్రె చచ్చిపోయింది.

ఆదివారం మేం చదువుతుండగా తలుపు మీద తన్ను పడింది. గడియ ఊడింది. పదిమంది దాకా లోపలికి వచ్చారు. ముందు ఇంటాయన. నిన్నటి దాకా నన్ను 'సార్' అని పిలిచిన మనిషి.

"ఏం జేస్తున్రురా? నా బర్రె సచ్చింది. నిమ్మకాయలు నీ అర్రల్నే, అద్దం నీ అర్రల్నే. బాణామతి గదా?"

"టీవీల జూపించిన సంఘమే గిది! ఆడపిల్లను గూడ తెచ్చుకున్నరు సూడుండ్రి" అన్నాడు వెనక నుంచి ఒకడు.

చెప్పడానికి నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. దవడ బిగుసుకుపోయింది. దొరికిపోయినవాడి మొహం అలాగే ఉంటుందని వాళ్లు అనుకున్నారు.

ఇంటాయన డ్రైవరన్న కాలరు పట్టుకున్నాడు. "నీ పేరేంది?"

నత్తి ఉన్నవాణ్ణి అడగకూడని ప్రశ్న అదొక్కటే. ఏ మాటనైనా తప్పించి ఇంకో మాట వాడుకోవచ్చు. పేరుకు బదులు లేదు. డ్రైవరన్న మెడ నరాలు ఉబ్బాయి, కళ్లు మూసుకుపోయాయి.

"పేరు గూడ చెప్తలేడు, దొంగ నా కొడుకు!" చెంప మీద కొట్టాడు. ఇంకెవరో అద్దం పగలగొట్టారు.

అప్పుడు ఆ అమ్మాయి లేచి నిలబడింది. ఊపిరి తీసుకుని, నేర్చుకున్న పద్ధతిలోనే ఒక్కో అక్షరాన్నీ సాగదీసి చెప్పింది. "మాకూ... నత్తీ. మాట్లాడుడూ... నేర్సుకుంటున్నం."

వాళ్లు నవ్వారు. ముందు ఒకడు, ఆ తర్వాత అందరూ. "నత్తోళ్ల సంఘమంట!" అంటూ ఒకడు ఆమెలాగే సాగదీసి చూపించాడు. డ్రైవరన్న చెంప మీద వేళ్ల గుర్తులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఆ దెబ్బనైనా మరిచిపోగలనేమో కానీ ఆ నవ్వును మరిచిపోలేను.

వారంలో గది ఖాళీ చేయమన్నాడు ఇంటాయన. నేను మరుసటి రోజే వెళ్లిపోయాను. వాళ్ల భూములు విమానాశ్రయం కిందికి పోయాయని, మోసపోయినవాళ్లకు అనుమానం సహజమని ఆఫీసులో ఒక పెద్దమనిషి నాకు నచ్చజెప్పాడు. నేను ఒప్పుకోలేదు. వాళ్ల భూమి తీసుకున్నది మేం ముగ్గురం కాదు. తీసుకున్నవాళ్ల తలుపు మీద ఒక్కరూ తన్నలేదు.

డ్రైవరన్న మళ్లీ రాలేదు. మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తేవాడు. అటు ఆయన ఊపిరి, ఇటు నా ఊపిరి వినబడేవి. తర్వాత పెట్టేసేవాడు. ఆ అమ్మాయి మాత్రం మానలేదు. "ఇగ దాసుడెందుకన్నా? ఊరంత తెలిసింది గదా" అని రాజేంద్రనగర్‌లో వాళ్ల యూనివర్సిటీ తోటలో, నలుగురూ తిరిగే దారి పక్కన కూర్చుని ఆదివారాలు నాతో చదివించేది. వచ్చిన సంబంధం ఒకటి చెదిరిపోయింది.

రెండేళ్ల తర్వాత ఒక ఆదివారం శంషాబాద్ బస్టాపులో ఇంటాయన ఎదురుపడ్డాడు. చెయ్యి పట్టుకున్నాడు.

"అప్పుడు జర తొందరపడ్డం సార్. మనసుల పెట్టుకోకు."

చెయ్యి విడిపించుకున్నాను. మాట రావడానికి చాలాసేపు పట్టింది. ఆయన బస్సు వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను తొందరపడలేదు.

"పె... పె... పెట్టుకుంట" అన్నాను.

ఆయన బస్సెక్కాడు. నేను రాజేంద్రనగర్ వైపు వెళ్లే బస్సు కోసం అక్కడే నిలబడ్డాను.