విత్తనపు కుండలోని పచ్చజొన్న: కోరుట్ల నుంచి సిరిసిల్ల దాకా ఒక రోజు

ధాన్యపు గింజల్లో ఇనుము, జింకు ఎంతున్నాయో కొలవడం మా ల్యాబులో నా పని. ఈమధ్య పెగడపల్లి వైపు నుంచి వచ్చిన ఒక పచ్చజొన్న నమూనాలో ఇనుము నమ్మలేనంత ఎక్కువగా తేలింది. మావాళ్ళు ఎగిరి గంతేశారు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. పాలు తెల్లగా ఉన్నా ఒకసారి వాసన చూసే రకాన్ని నేను. గింజలోకి ఎంత ఇనుము చేరాలో కొంత విత్తనంలోని జన్యువులు నిర్ణయిస్తాయి, కొంత నేల నిర్ణయిస్తుంది. ఎవరి వాటా ఎంతో తేలాలంటే ఒకే విత్తనాన్ని రెండు రకాల నేలల్లో చూడాలి. ఆ జొన్న పండించిన రాజవ్వది ఎర్రచెలక. అదే విత్తనాన్ని ఆమె తమ్ముడు గంగారాం కోరుట్ల దగ్గర నల్లరేగడిలో వేశాడని తెలిసింది. రెండు చోట్లా కంకులు కోసుకొద్దామని ఒక్కదాన్నే బయల్దేరాను.

హైదరాబాదులో రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి కోరుట్ల. ఆ సూపర్ లగ్జరీకి టికెట్ కొనాల్సిందే కానీ, ఆ తర్వాత తిరిగిన పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు ఉచితం. బస్టాండు దగ్గర చాయ్ తాగి, గంగారాం బండి మీద చేనుకు వెళ్ళాను. కంకిని నేలకు తగలనివ్వకుండా కోసి, కాగితపు సంచిలో వేసి మూతి కట్టడం చూసి ఆయన నవ్వాడు. "పెండ్లిపిల్ల లెక్క చూసుకుంటున్నరు గదా మేడం కంకిని!" మట్టి అంటితే లెక్క తప్పుతుందని చెప్పాను. "గట్లనా! మంచిగ కోసుకోర్రి. వచ్చే ఏడు ఉంటదో లేదో. మా ఊర్ల పోరగాండ్లందరు మస్కట్, దుబాయ్ పోయిండ్రు. కోసెటోళ్ళు లేక నేను గూడ మక్క ఏద్దామనుకుంటున్న" అన్నాడు. మక్క అంటే మొక్కజొన్న, దాన్ని మిషనుతో కోయించొచ్చు.

కోరుట్ల నుంచి జగిత్యాలకు గంట లోపే. బస్టాండు ఎదుట వేడివేడి ఉప్మా తిని, పెగడపల్లి వైపు వెళ్ళే షేర్ ఆటో ఎక్కాను. నా ఫైలూ సంచీ చూసిన డ్రైవరు, "గల్ఫ్ ఏజెంటా మేడం?" అని అడిగాడు. జొన్నల కోసం వచ్చానంటే అద్దంలోంచి నన్ను మళ్ళీ చూశాడు. "జొన్నల కోసం పట్నం నుంచి అచ్చిండ్రా! మా దిక్కు అందరు పోయెటోళ్ళే గని, గిట్ల అచ్చెటోళ్ళను సూడలె."

రాజవ్వకు యాభై ఉంటాయేమో. నన్ను చూడగానే ముఖం వెలిగిపోయింది. "మా పచ్చజొన్నల గంత ఇనుమున్నదట గద బిడ్డా! ఊరంత చెప్పిన." నమూనా తీసుకెళ్ళినవాళ్ళు ఫలితాన్ని అప్పుడే నోటిమాటగా ఆమె చెవిన వేశారన్నమాట. మొదట చేనుకు తీసుకెళ్ళి కంకులు కోయనిచ్చింది. ఇంటికొచ్చాక, టెస్టుకిచ్చిన గింజలు ఎక్కడివని అడిగితే మూలనున్న కుండ మూత తీసింది. నిండా బూడిద, అందులో జొన్నలు. పురుగు పట్టకుండా విత్తనాన్ని అలా పిడకల బూడిదలో దాస్తారు.

"తినే జొన్నలు ఇవ్వలేదా?"

"పట్నపోళ్ళు అడిగితె తిండి జొన్నలిస్తమా బిడ్డా? ఇత్తునానికి దాసుకున్న మంచియి ఇచ్చిన. కొంగుతోని తుడిచి మరీ ఇచ్చిన."

పిడకల్లో మట్టి ఉంటుంది, మట్టిలో ఇనుము ఉంటుంది. కొంగుతో తుడిస్తే బూడిద పూర్తిగా పోదు. గింజ లోపలి ఇనుమేదో, పైన అంటినదేదో మా మిషను వేరుచేసి చెప్పదు. ఆ మాటే మెల్లగా చెప్పాను. రాజవ్వ చేతిలోని మూతను కుండ మీద పెట్టేసింది. "అయితె మా లావణ్య..."

లావణ్య ఆమె కూతురు, ఐదో నెల. ఉండేది సిరిసిల్లలో. రక్తం బాగా తక్కువని ఇచ్చిన ఐరన్ గోళీలను, అమ్మ జొన్నల్లోనే ఇనుముందని విని మానేసింది. మగ్గాలు ఆగిపోయి పనిలేక అల్లుడు శ్రీను మహారాష్ట్రలోని భివండి మగ్గాలకు పోదామన్నాడు. ఆ సాయంత్రమే వాళ్ళ బస్సు. ఫోన్ చేస్తే స్విచాఫ్. అక్కడ వండుకుంటుందని కూతురి కోసం సిద్ధంగా పెట్టిన జొన్నల మూట చంకనెత్తుకుని, రాజవ్వ ఇంటికి తాళం వేసింది. జగిత్యాల మీదుగా, వేములవాడలో మారి సిరిసిల్లకు మూడు గంటలు పట్టింది. దారంతా ఆమె ఒక్కటే అడిగింది. "నా జొన్నలు ఒట్టియేనా బిడ్డా?" ఒట్టివని తేలలేదు, ఇవాళ్టి కంకులు చూస్తేగానీ తెలియదు, ఎంతున్నా గోళీ పని మాత్రం జొన్న చెయ్యలేదు అన్నాను.

ఇంటి ముందు మూటలు కట్టి ఉన్నాయి. లావణ్య ముఖం పాలిపోయి ఉంది. విషయం చెబితే తల దించుకుంది. "గోళీలేసుకుంటె కడుపుల తిప్పుతదమ్మా. జొన్నల ఇనుమున్నదని నువ్వనంగనె పానం నిమ్మలమైంది." అన్నం తిన్నాక వేసుకొమ్మని, అయినా తిప్పితే మానెయ్యకుండా భివండిలోని ప్రభుత్వాసుపత్రిలో అడగమని చెప్పాను. శ్రీను అటక మీది గోళీల అట్టలన్నీ దించాడు. రాజవ్వ వాటిని కూతురి చేతిసంచిలో సర్ది, కట్టిన మూటల్లోంచి తాను ఇదివరకు ఇచ్చిన జొన్నల సంచిని కూడా బయటికి లాగింది.

"అమ్మా, అవ్వి ఎందుకు తీస్తున్నవే?"

"ఇవి తీస్కపోకు బిడ్డా. ఇవి ఉంటె గవి మరుస్తవ్."

ఊరంతా చెప్పుకున్న జొన్నలవి. వాళ్ళ బస్సు కదిలాక, తెచ్చిన మూటా బయటికి తీసిన సంచీ రెండూ రాజవ్వ దగ్గరే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఒకటి నేను మోస్తానంటే ఇవ్వలేదు.

ఆ రెండు చేల కంకులు ఇప్పుడు నా బల్ల మీదున్నాయి. రెంటిలోనూ ఇనుము ఎక్కువే ఉంటే ఆ విత్తనానికి నిజంగానే గొప్ప గుణముందని నమ్మొచ్చు, దాన్నుంచి కొత్త రకాలు తియ్యొచ్చు. అలా తేలాలని కోరుకుంటున్నాను. కొలిచేవాళ్ళు అలా కోరుకోకూడదని తెలిసీ. గింజల కోసం ఊళ్ళకు వెళ్ళేవారికి ఒక్క సలహా: "మంచివి ఇవ్వండి" అనకండి, "రేపు మీరు వండుకునేవి ఇవ్వండి" అనండి. ఫలితం రూఢి అయ్యేదాకా ఆ ఇంట్లో నోరు విప్పకండి, మన మాట నమ్మి మందు మానేసే మనిషి అక్కడ ఉండొచ్చు.